కుంచె సందేహాలు: పిస్సారో ఎర్ర కప్పులకు నకలు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే బొమ్మ చుట్టూ తిరిగాయి. పారిస్‌కు వాయవ్యంగా, వాజ్ నది ఒడ్డున ఉన్న పొంత్వాజ్ అనే ఊరి శివారును ఇంప్రెషనిస్టు చిత్రకారుడు కామీయ్ పిస్సారో 1877లో ఆయిల్ రంగుల్లో వేశాడు. ఆ బొమ్మ పేరు ‘ఎర్ర కప్పులు, ఊళ్ళో ఒక మూల, చలికాలం’. ముందు తోట నేల, అందులో ఆకు రాల్చేసిన పండ్ల చెట్లు, ఆ కొమ్మల సందుల్లోంచి ఇళ్ళ గుంపు, వెనక చారలు చారలుగా పొలాలున్న గట్టు, పైన సన్నటి ఆకాశం. అసలు బొమ్మ వెడల్పు 65.6 సెంటీమీటర్లు, ఎత్తు 54.5. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టేవాళ్ళు నకలు తీయడానికి ఇంతకన్నా మంచి బొమ్మ దొరకడం కష్టం. ఇందులో మనుషుల ముఖాలు లేవు, నీటి మీద మెరుపులు లేవు. రంగు పక్కన రంగు ఎలా పెట్టాలన్న ఒక్క పాఠమే బొమ్మ నిండా ఉంది.

ప్రశ్న (విజయనగరం): ఒకరి బొమ్మ చూసి గీస్తే చెయ్యి వాళ్ళకే అలవాటు పడిపోతుందని మా మేష్టారు వద్దంటున్నారు. నకలు తీయడం వల్ల సొంత పద్ధతి పోతుందా?

పోదు. పిస్సారో 1871లో వేసిన లూవ్‌సియెన్ ఊరి దృశ్యాన్ని తోటి చిత్రకారుడు పోల్ సెజాన్ అడిగి తీసుకెళ్ళి, 1872 ప్రాంతంలో దానికి నకలు వేశాడు. అప్పటికి సెజాన్‌కు ముప్పై దాటాయి, ముదురు రంగులతో మందంగా బొమ్మలు వేసేవాడు. ఆ నకలు తరవాత, పిస్సారో పక్కన కూర్చుని పొంత్వాజ్‌లో పనిచేసిన రోజుల్లో అతని రంగులు తేటపడ్డాయి. అయినా సెజాన్ బొమ్మను పిస్సారో బొమ్మ అని ఎవరూ పొరబడరు. ఆ నకలును మూలం పక్కన పెట్టి చూస్తే అందులోనే సెజాన్ చెయ్యి కనిపిస్తుంది. మూలం కన్నా చిన్నది, ఆకారాలు మరింత గట్టిగా, సరళంగా ఉంటాయి.

మీ మేష్టారి భయంలోనూ నిజం లేకపోలేదు. కుంచె గుర్తుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి దించేవాళ్ళకు వచ్చేది అలంకారం మాత్రమే. నకలు తీసేటప్పుడు మీరు పట్టుకోవలసింది ఆయన నిర్ణయాల్ని. ఈ గోడ ఆ నేలకన్నా ఎంత తెల్లగా ఉంది? ఈ ఎరుపు పక్కన ఏముంది? ఈ నీడ వెచ్చనిదా, చల్లనిదా? వీటికి జవాబు చెప్పుకుంటూ వేసిన బొమ్మ మూలంలా లేకపోయినా పాఠం వంటబట్టినట్టే.

ప్రశ్న (ఖమ్మం): ఎంత సైజు క్యాన్వాస్ తీసుకోవాలి? షాపులో ముప్పై రంగుల సెట్ కొనమంటున్నారు. నిజంగా ఏమేం కావాలి?

ముప్పై రంగులు వద్దు, ఏడు చాలు. ముందు సైజు సంగతి చూద్దాం.

మూలం వెడల్పును ఎత్తుతో భాగిస్తే దాదాపు 1.2 వస్తుంది. 12 బై 10 అంగుళాల క్యాన్వాస్‌కూ, 24 బై 20కీ ఇదే నిష్పత్తి. ఎక్కువగా దొరికే 16 బై 12గానీ 20 బై 16గానీ తీసుకుంటే ఎక్కడో ఒకచోట బొమ్మను కోయాలి, లేదా సాగదీయాలి. మొదటిసారికి 12 బై 10 మంచిది. 24 బై 20 అసలు బొమ్మకు చాలా దగ్గరి కొలత, రెండో ప్రయత్నానికి ఉంచుకోండి.

రంగులు ఇవి: టైటానియం వైట్, కాడ్మియం ఎల్లో లైట్, ఎల్లో ఓకర్, కాడ్మియం రెడ్ లైట్, పర్మనెంట్ రోజ్, అల్ట్రామెరీన్ బ్లూ, విరిడియన్ అనే ఆకుపచ్చ. నలుపు లేదు, గోధుమ రంగు లేదు. ఆ రెండూ పాలెట్ మీద, అంటే రంగులు కలిపే పలక మీద ఉంటే నీడ అనగానే చెయ్యి వాటి మీదికే పోతుంది. పిస్సారో కాలంలో తెలుపంటే సీసపు తెలుపు, పసుపంటే క్రోమ్, ఎరుపంటే పాదరసంతో చేసే వెర్మిలియన్. అవి విషాలు, వాటి జోలికి పోవద్దు. పై జాబితా వాటి పని చేసిపెడుతుంది.

ట్యూబు మీద పేరును నమ్మకండి, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్, అంటే లోపలున్న రంగుపొడి గుర్తు చూడండి. తెలుపు పీడబ్ల్యూ 6, అల్ట్రామెరీన్ పీబీ 29, కాడ్మియం రెడ్ పీఆర్ 108, కాడ్మియం ఎల్లో పీవై 35, రోజ్ పీవీ 19, విరిడియన్ పీజీ 18. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అది ఆ రంగును పోలిన చవక మిశ్రమం. వాడుకోవచ్చు, కానీ దాని నడత వేరు. ముఖ్యంగా విరిడియన్ హ్యూలో తరచుగా ఉండేది పీజీ 7. అది ఆవగింజంత పడినా బొమ్మంతా పాకుతుంది. అలిజరిన్ క్రిమ్‌సన్, అంటే పీఆర్ 83, వెలుగుకు వెలిసిపోతుంది. అందుకే దాని బదులు రోజ్ చెప్పాం.

తెలుపు ఒక్కటి పెద్ద ట్యూబు తీసుకోండి, మిగతా ఆరూ చిన్నవి చాలు. జింక్ వైట్ ఇవ్వబోతే వద్దనండి. అది కాలం గడిచేకొద్దీ పెళుసెక్కి, పైన వేసిన పొరల్ని పట్టుకోలేక పొరలుగా లేస్తుంది.

కుంచెలు పందివెంట్రుకలవి, చదును అంచువి: 2, 6, 8 నంబర్లు ఒక్కొక్కటి, 4వ నంబరువి రెండు. ఆ రెండిట్లో ఒకటి ఎరుపు-పసుపు వైపు రంగులకు, ఇంకోటి నీలం-ఆకుపచ్చ వైపు వాటికి. మధ్యలో మాటిమాటికీ కడిగే పని తప్పుతుంది. వాటర్ కలర్ కుంచెలు మెత్తగా ఉండి ముద్దరంగును మోయలేవు. కలపడానికి ఒక పాలెట్ నైఫ్ కావాలి. పాలెట్‌గా గాజు పలక పెట్టుకుని దాని కింద బూడిద రంగు కాగితం పరిస్తే రంగుల్ని సరిగ్గా అంచనా వేయగలుగుతారు. తెల్లటి పలక మీద ప్రతి రంగూ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది.

పనికి కూర్చున్నప్పుడు తెలుపు ఉసిరికాయంత, మిగతావి రేగిపండంత, విరిడియన్ పెసరగింజంత. రంగు పిసినారితనంగా పిండుకుంటే కుంచె గీకుతుంది, ముద్ర పడదు. ఈ బొమ్మ ఉపరితలం గరుకుగా, పెచ్చు కట్టినట్టు ఉంటుంది. దానికి రంగు కావాలి.

ప్రశ్న (కాకినాడ): హార్డ్‌వేర్ షాపులో టర్పెంటైన్ చవక. వాడొచ్చా? లిన్‌సీడ్ ఆయిల్ అంటే అవిసె నూనే కదా, వంటకు తెచ్చుకున్నది పోస్తే సరిపోదా?

హార్డ్‌వేర్ షాపులో ఆ పేరుతో అమ్మేది చాలావరకు పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్. కుంచెలు కడగడానికి పనికొస్తుంది. రంగులో కలపడానికి మాత్రం ఆర్టిస్టుల కోసం అమ్మే డిస్టిల్డ్ టర్పెంటైన్ చిన్న సీసా కొనండి. థిన్నర్, కిరోసిన్ రెండూ వద్దు. థిన్నర్ కింద ఆరిన పొరను కూడా కరిగించగలదు, కిరోసిన్ జిడ్డు మిగిల్చి రంగును ఆరనివ్వదు. ఏది వాడినా కిటికీలు తీసి పెట్టండి.

నూనె విషయానికొస్తే, అవును, రెండూ అవిసె గింజల నూనెలే. అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది, ఆయిల్ పెయింటింగ్ అంతా ఆ ఒక్క గుణం మీదే నిలబడింది. వేరుసెనగ నూనె, కొబ్బరి నూనెలకు ఆ గుణం లేదు, ఏళ్ళు గడిచినా జిడ్డుగానే ఉంటాయి. వంటకు అమ్మే అవిసె నూనె ఆరుతుంది కానీ అందులో రంగుకు పనికిరాని పదార్థాలు మిగిలి ఉంటాయి, నిదానంగా ఆరుతుంది. ఒక్కోసారి పాడవకుండా ఏదో కలిపి ఉంటారు కూడా. శుద్ధి చేసిన ఆర్టిస్ట్ లిన్‌సీడ్ 100 మిల్లీలీటర్ల సీసా ఇలాంటి బొమ్మలు ఎన్నింటికో వస్తుంది.

వేరుసెనగ నూనెకు ఒక ఉపయోగం ఉంది. పని అయ్యాక కుంచెను దాంతో మెదిపితే రంగు వదులుతుంది. తరవాత సబ్బుతో నూనె జాడ లేకుండా కడిగేయాలి.

ఒక హెచ్చరిక. లిన్‌సీడ్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ మడతల్లో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకోవచ్చు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి.

ప్రశ్న (నిజామాబాద్): నెట్‌లో ఈ బొమ్మ ఒక్కోచోట ఒక్కో రంగులో ఉంది. ఏది నిజం? క్యాన్వాస్ మీదికి ఎలా దించాలి?

మ్యూజియం సొంత సైటులో ఉన్న ఫొటోను ఆధారంగా పెట్టుకోండి. పోస్టర్ల కంపెనీలు ఎరుపునూ నీలాన్నీ పెంచేస్తాయి. ఫోన్‌లో రాత్రిపూట కళ్ళకు హాయి కోసం తెరను పసుపుగా మార్చే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపేయండి. వీలైతే ఏ3 కాగితం మీద 12 బై 10 అంగుళాల కొలతకు ప్రింట్ తీయించండి. క్యాన్వాసూ ప్రింటూ ఒకే సైజులో, పక్కపక్కన, ఒకే వెలుగులో ఉంటే సగం తప్పులు ముందే కనపడతాయి.

ఇక దించడం. ప్రింట్ మీద రెండు అంగుళాలకు ఒక గీత చొప్పున అడ్డంగా ఆరు, నిలువుగా అయిదు గళ్ళు వస్తాయి, మొత్తం ముప్పై. క్యాన్వాస్ మీదా అవే గళ్ళు, బొగ్గుముక్కతో లేతగా. ఈ గళ్ళలో గట్టు గీత, ఇళ్ళ కప్పుల వాలు, పొగగొట్టాలు, నాలుగైదు పెద్ద మానులు, ఇంతే గుర్తు పెట్టుకోండి. కొమ్మలు గీయకండి. కొమ్మలు గీస్తే తరవాత వాటి మధ్య ఖాళీల్లో రంగు నింపుతూ కూర్చుంటారు, అది రంగుల పుస్తకం పని అవుతుంది. గుర్తుల మీద అల్ట్రామెరీన్‌ను టర్పెంటైన్‌తో పల్చగా చేసి 2వ నంబరు కుంచెతో గీసి, ఆరాక బొగ్గును గుడ్డతో దులిపేయండి.

క్యాన్వాస్ గురించి ఒక మాట. షాపులో దొరికే కాటన్ క్యాన్వాస్‌కు వేసిన పూత పల్చగా ఉంటుంది. ఇంకో రెండు పూతలు జెస్సో అనే అక్రిలిక్ తెల్లపూత వేసి, ఒక్కోటి ఆరాక 220 నంబరు ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దండి. గోడకు వేసే ప్రైమర్ వద్దు, అది పెళుసు. చివరి పూతలో కొంచెం అక్రిలిక్ ఓకర్ కలిపి లేత గోధుమ చాయ తెస్తే మంచిది. పిస్సారో, ఆయన తోటి ఇంప్రెషనిస్టులు తెల్లటి లేదా లేత రంగు పూతల్నే ఇష్టపడ్డారు, ముదురు పూత వేస్తే ఆ తేటదనం రాదు. అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు. ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు.

ప్రశ్న (గుంటూరు): పొద్దున రంగులు బాగానే ఉంటాయి, సాయంత్రానికి బొమ్మంతా బురద. ఎందుకిలా?

ఇది చాలా ఉత్తరాల్లో వచ్చిన ప్రశ్న. కారణం రంగుల్లో లేదు, చేతిలో ఉంది.

ఒక పాత తెల్ల టైలు ముక్క తీసుకోండి. దాని మీద ఆకుపచ్చ ముద్దను రెండంగుళాల మేర పరవండి. 4వ నంబరు కుంచె అంచుకు ఇటుక రంగు ఎత్తుకుని ఆ పచ్చదనం మీద ఒక్క గీత పెట్టి ఎత్తేయండి. ఎరుపు ఎరుపుగానే నిలుస్తుంది. కుంచె తుడవకుండా అదే చోట ఇంకోసారి లాగండి. అంచుల్లో పచ్చ కలుస్తుంది. మూడోసారి లాగితే అక్కడ ఎరుపూ లేదు, పచ్చా లేదు. తడి మీద తడి పెట్టేటప్పుడు మీకున్న అవకాశం ఒక్క ముద్ర, మహా అయితే రెండు. తప్పు పడితే కుంచెతో సర్దకండి, నైఫ్‌తో గీకేసి మళ్ళీ పెట్టండి.

కుంచె పట్టుకునే తీరు కూడా చూసుకోండి. పెన్నులా మొదట్లో పట్టుకుంటే వేళ్ళు నొక్కుతాయి, కింది రంగు లేచి వస్తుంది. కాడ చివర పట్టుకుని, కుంచెను దాదాపు పడుకోబెట్టి, పాలెట్ మీది ముద్దను పారతో తీసినట్టు ఎత్తి, క్యాన్వాస్ మీద దించాలి. నొక్కు క్యాన్వాస్‌కు కాదు, రంగుకే తగలాలి. దించిన ప్రతిసారీ కుంచెను పాత కాటన్ గుడ్డలో చిటికెతో పిండండి. టర్పెంటైన్‌లో ముంచితే ఆ తడి కుంచెలో మిగిలి తరవాతి ముద్రను నీళ్ళచారు చేస్తుంది. పని మధ్యలో కడగడం కన్నా తుడవడమే మేలు.

ఇంకో కారణం మిశ్రమాలు. మూడు రంగులకు మించి కలిపితే, అందులో ఎరుపూ పచ్చా లాంటి ఎదురు రంగులు సమానంగా పడితే బూడిద తప్ప ఏమీ రాదు. అలా కావాలని చేస్తే అది మంచి పనిముట్టు. విరిడియన్, రోజ్ సమానంగా కలిపి తెలుపు వేస్తే ముత్యం లాంటి బూడిద వస్తుంది. అనుకోకుండా వస్తే బురద.

మరొకటి, బొమ్మను ఒకే రోజులో ముగించాలన్న తొందర. దీన్ని మూడు విడతలు చేయండి. మొదటి విడత గంటన్నర: ఆకాశం, గట్టు, ఇళ్ళ గుంపు, నేల, నాలుగు పెద్ద ముక్కలుగా, టర్పెంటైన్‌తో పల్చగా, నూనె కలపకుండా. తెల్ల గోడల్ని క్యాన్వాస్‌గానే వదిలేయండి. వేలికి అంటనంతగా ఆరనివ్వండి. రెండో విడతలో రంగుల్లో నూనెగానీ టర్పెంటైన్‌గానీ కలపకుండా, ముద్దగా. గట్టు మీద ముద్రలు పొలాల చారల వెంట, కప్పుల మీద వాలు వెంట, ముందు నేల మీద చిన్నచిన్నవి అడ్డదిడ్డంగా పడాలి. మూడోది చెట్లు, చివరి వెలుగులు. అప్పటికి రంగు కదలకపోతే లిన్‌సీడ్, టర్పెంటైన్ సమపాళ్ళలో కలిపి రెండు చుక్కలు.

ఈ వరస మార్చకండి. పై పొరలో కింది దానికన్నా నూనె ఎక్కువ ఉండాలి. నూనె తక్కువున్న పై పొర ముందే బిగుసుకుంటే, కింద ఇంకా మెత్తగా ఉన్న పొర కదిలినప్పుడు అది పగులుతుంది.

ప్రశ్న (హైదరాబాద్): కప్పులు ఎంత వేసినా కుదరడం లేదు. తెలుపు కలిపితే గులాబీ, కలపకపోతే ట్రాఫిక్ లైటు. పిస్సారో ఎరుపు ఏ ట్యూబులో ఉంది?

ఏ ట్యూబులోనూ లేదు. ఈ బొమ్మ నుంచి నేర్చుకోవలసిందంతా మీ ప్రశ్నలోనే ఉంది కాబట్టి జవాబు కాస్త పొడుగు.

ఒక బూడిద రంగు అట్టముక్కకు పంచింగ్ మిషన్‌తో రెండు చిల్లులు పెట్టండి. ఒక చిల్లును ప్రింట్ మీద ఏదో ఒక కప్పు మీద ఉంచి, చుట్టూ ఉన్నదంతా కనపడకుండా చూడండి. అక్కడ ఎరుపు లేదు. పాత ఇటుక ఉంది, కాస్త వెలిసిన కుండపెంకు ఉంది. అట్ట తీసేయగానే అదే చోటు మళ్ళీ ఎర్రగా వెలుగుతుంది. చుట్టూ ఉన్న పచ్చా, నీలమూ దాన్ని ఎర్రగా చేస్తున్నాయి. గోబెలాన్ నేతశాలలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దీని మీద 1839లో పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని అందులో సారాంశం.

కాబట్టి కప్పుల్ని చివర్లో, విడిగా వేయకండి. గట్టు పచ్చ, తోట పచ్చ క్యాన్వాస్ మీద పడ్డాకే కప్పు రంగును నిర్ణయించండి. ఖాళీ తెల్ల క్యాన్వాస్ మీద సరిగ్గా ఉన్న ఎరుపు, పచ్చ పక్కన ట్రాఫిక్ లైటు అవుతుంది.

కలపడం ఇలా. కాడ్మియం రెడ్ ఒక వంతు, ఎల్లో ఓకర్ రెండు వంతులు, కుంచె మొనకు అంటినంత విరిడియన్. ఇది మూల ముద్ద. దీన్ని మూడు కుప్పలు చేయండి. ఎండ తగిలే కప్పుకు ముందు కాడ్మియం ఎల్లో కలపండి, ఆ తరవాతే కొంచెం తెలుపు. ఎరుపును నేరుగా తెలుపుతో తేట చేస్తే చల్లబడి గులాబీ అవుతుంది, మీకు జరిగింది అదే. పసుపు ముందుంటే వెచ్చదనం నిలుస్తుంది. రెండో కుప్ప అలాగే ఉంచండి. మూడోది నీడకు: రోజ్, కొంచెం అల్ట్రామెరీన్. ఏ రెండు కప్పులూ ఒకే కుప్పతో వేయకండి. నీలి బూడిద చాయ ఉన్న కప్పు కూడా ఉంది, దాన్ని వదిలేయకండి. ఎర్రకప్పుల బలంలో దాని వాటా ఉంది.

ఇప్పుడు అట్టను పక్కన పెట్టి, అదే ఇటుక రంగు బొమ్మలో ఇంకా ఎక్కడెక్కడుందో వెతకండి. గట్టు మీది పొలాల్లో ఉంది, తోట నేలలో ఉంది, మానుల అంచుల్లో ఉంది. కప్పుల కుప్పలోంచే కుంచె ఎత్తి ఆ చోట్లలో చిన్న ముద్రలు పెట్టండి. అవి లేకపోతే ఇళ్ళు కత్తిరించి అతికించినట్టు ఉంటాయి.

చివరగా ఒక పరీక్ష. మీ బొమ్మనూ ప్రింట్‌నూ కలిపి ఫోన్‌లో ఫొటో తీసి నలుపు-తెలుపుగా మార్చండి. మూలంలో గోడలు స్పష్టంగా తేలతాయి. కప్పులకూ వెనక గట్టుకూ తేడా మీరనుకున్నంత ఉండదు. మీ ఫొటోలో కప్పులు గట్టు మీద నల్లగా అచ్చుగుద్దినట్టు ఉంటే తప్పు రంగులో లేదు, వెలుగునీడల మోతాదులో ఉంది. కప్పుల్ని తేలిక చేయండి, ఎరుపును ముట్టుకోకండి.

తెల్ల గోడల మాటా చెప్పాలి. అవి తెల్లగా లేవు. నీడ పడ్డ గోడలో తెలుపుతో పాటు అల్ట్రామెరీన్, చిటికెడు రోజ్, ఓకర్ జాడ ఉండాలి. ఎండ గోడలో ఓకర్ ఎక్కువ. ట్యూబు తెలుపు ఎక్కడా నేరుగా వాడకండి.

ప్రశ్న (వరంగల్): ఆకుల్లేని కొమ్మలు వేస్తే తీగల కంచెలా కనపడుతున్నాయి.

మీరు గోధుమ రంగుతో, సన్న కుంచెతో, మొదలు నుంచి చివరిదాకా ఒకే గీతగా లాగి ఉంటారు. కొమ్మ రంగు ఊదా బూడిద: అల్ట్రామెరీన్, రోజ్, ఓకర్, కొంచెం తెలుపు. గట్టు మీదుగా పోయే చోట కొంచెం తేటగా, గోడ మీదుగా పోయేచోట ముదురుగా మార్చాలి. కింద పొర ఆరాకే వేయండి. 4వ నంబరు చదును కుంచెను నిలువుగా పట్టి, దాని పదునంచుతో ముక్కలు ముక్కలుగా అద్దండి. కొమ్మ అక్కడక్కడ తెగి, ఇళ్ళ వెనకో వెలుగులోనో మాయమైనా కన్ను కలుపుకుంటుంది. ఆ తరవాత అసలు పని ఉంది. కప్పు రంగూ గోడ రంగూ మళ్ళీ ఎత్తుకుని, కొమ్మల సందుల్లో, ఒక్కోచోట కొమ్మ మీదికి కాస్త ఎక్కేలా ముద్రలు పెట్టండి. నేతలో పడుగూ పేకా లాగా కొమ్మ ఇంట్లోకి, ఇల్లు కొమ్మలోకి పోవాలి. చెట్లు ముందు, ఇళ్ళు వెనక అని రెండు తెరలుగా విడిపోతే ఈ బొమ్మ చచ్చిపోతుంది.

ప్రశ్న (మచిలీపట్నం): వానాకాలంలో రెండు వారాలైనా ఆరడం లేదు. ఎండలో పెట్టొచ్చా, హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చా?

రెండూ వద్దు. ఆయిల్ రంగు నీటి రంగులా ఆవిరై ఆరదు, గాలిని పీల్చుకుని గట్టిపడుతుంది. డ్రయ్యర్‌తో పైన తొక్క కడుతుంది, లోపల మెత్తగానే ఉండిపోయి తరవాత ముడతలు పడుతుంది. కావలసింది గాలి, పగటి వెలుతురు. బీరువాలో దాస్తే ఆరడం ఆలస్యమవడమే కాదు, లిన్‌సీడ్ పసుపెక్కుతుంది కూడా. బొమ్మను గదిలో ఫ్యాను గాలి తగిలేలా, దుమ్ము పడకుండా కాస్త ముందుకు వాల్చి పెట్టండి. పల్చటి మొదటి పొరకు మామూలుగా రెండు మూడు రోజులు, మందమైన తెలుపుకు రెండు వారాలు, వానల్లో ఇంకా ఎక్కువ పడతాయి. అంత ఓపిక లేకపోతే ఆల్కిడ్ మీడియం కొన్ని చుక్కలు కలపండి, పల్చటి పొర మర్నాటికి ఆరుతుంది. అది వాడితే అన్ని పొరల్లోనూ వాడాలి.

తేమకు క్యాన్వాస్ వదులైతే చట్రం వెనక మూలల్లో ఉండే చెక్క చీలల్ని సుత్తితో మెల్లగా తట్టండి. గోడకు తగిలించేటప్పుడు కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అతికిస్తే వెనక గాలి ఆడి బూజు పట్టదు.

ప్రశ్న (కర్నూలు): ఆరాక కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల మచ్చల్లా మసక. వార్నిష్ కొట్టేయనా?

మసకబారిన చోట పూత నూనెను పీల్చేసుకుంది. టర్పెంటైన్ ఎక్కువైనా అంతే. ఆ చోట లిన్‌సీడ్, టర్పెంటైన్ సమపాళ్ళ చుక్కను మెత్తటి గుడ్డతో రుద్ది, రెండు నిమిషాలాగి మిగిలింది పూర్తిగా తుడిచేయండి. పూర్తి వార్నిష్‌కు ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. పిస్సారో, ఆయన తోటివాళ్ళు మెరుపు లేని ఉపరితలాన్నే కోరుకున్నారు కాబట్టి వేసినా మ్యాట్ వార్నిష్ వేయండి.

ప్రశ్న (లండన్): పారిస్ వెళ్ళే వీలు ఇప్పట్లో లేదు. ఇక్కడ చూసి నేర్చుకోదగ్గవి ఉన్నాయా?

ఉన్నాయి. మీ నేషనల్ గ్యాలరీలో పిస్సారో ‘లెర్మితాజ్ దగ్గర కోత్ దె బఫ్’ ఉంది. అదే పొంత్వాజ్, అదే 1877. అందులోనూ సన్నటి మానుల తెర వెనక ఇళ్ళే. నిలువు బొమ్మ, ఎత్తు దాదాపు 115 సెంటీమీటర్లు. ముందు నాలుగడుగుల వెనక్కి వెళ్ళి కళ్ళు చిట్లించి చూడండి, తరవాత గ్యాలరీ అనుమతించినంత దగ్గరకు, పక్కనుంచి. దీపం వెలుగు వాలుగా పడినచోట పొర మీద పొర ఎలా పేరుకుందో, ఏ ముద్ర తడిమీద పడిందో, ఏది ఆరాక పడిందో తెలుస్తుంది. ప్రింట్ ఎంత మంచిదైనా ఈ ఒక్కటి చూపించలేదు.

ప్రశ్న (ఏలూరు): నకలు అమ్ముకోవచ్చా? సంతకం ఎవరిది పెట్టాలి?

పిస్సారో 1903లో చనిపోయాడు, కాపీరైట్ గడువు ఎప్పుడో ముగిసింది. మీ సంతకమే పెట్టండి, ఆయనది ఎప్పుడూ పెట్టకండి. క్యాన్వాస్ వెనక ‘పిస్సారో 1877 బొమ్మకు నకలు’ అని, మీ పేరూ తేదీ రాయండి. లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని నకలు తీసేవాళ్ళకు కూడా అసలు సైజులో వేయకూడదన్న నియమం ఉంది. ఎవరూ మోసపోకూడదనే.

ప్రశ్న (అమలాపురం): మా ఊళ్ళో ఇంకా పెంకుటిళ్ళు ఉన్నాయి. ఇవే రంగులతో వాటిని వేయొచ్చా?

ఇవే ఏడు రంగులు సరిపోతాయి, కుప్పలే మారతాయి. పొంత్వాజ్ చలికాలపు ఎండ వాలుగా, బలహీనంగా ఉంటుంది, నీడలు మెత్తగా ఉంటాయి. మన మధ్యాహ్నపు ఎండ నెత్తి మీద ఉంటుంది. ఆ సమయంలో పెంకులు రంగు కోల్పోయి తెల్లబోతాయి, చూరు కింద నీడ నల్లగా గీత గీసినట్టు పడుతుంది. అందుకని పొద్దున తొమ్మిదిలోపో, సాయంత్రం నాలుగు దాటాకో కూర్చోండి. వెలుగు త్వరగా మారుతుంది కాబట్టి 12 బై 10కి మించి వద్దు, గంటన్నరకు ఆపేయండి. మర్నాడు అదే వేళకు అదే చోట కూర్చోవాలి.

నాచు పట్టిన పాత మంగుళూరు పెంకుకు మూల ముద్దలో విరిడియన్, ఓకర్ పెంచండి. వాన తడిసిన పెంకుకు రోజ్, అల్ట్రామెరీన్. కొబ్బరాకు పచ్చకు విరిడియన్ నేరుగా వాడితే ప్లాస్టిక్‌లా ఉంటుంది. అల్ట్రామెరీన్, కాడ్మియం ఎల్లో కలిపి, కప్పుల కుప్పలోంచి కుంచె మొనకు అంటినంత ఇటుక రంగు వేయండి. ఆ మట్టలు ఎండలో ఒకవైపు ఆకాశపు నీలాన్ని చూపిస్తాయి, ఆ ముద్రలకు తెలుపులో అల్ట్రామెరీన్. అట్టముక్క చిల్లును మాత్రం జేబులోనే ఉంచుకోండి. చెయ్యి చాచి, ఆ చిల్లులోంచి ముందు ఎదుటి కప్పును చూసి, తరవాత మీ పాలెట్ మీది కుప్పను చూడండి. రెండూ ఒకటైతేనే కుంచె ఎత్తండి.